గోడపొయ్యిలో పోశమ్మ

...అది ఒకటా, మూడా? ఒకటి అనుకుంటే మొత్తం ఇరవై. మూడు అనుకుంటే ఇరవై రెండు. కాగితంలో ఇరవై రెండు అని ఉందంటే మూడే అయ్యుండాలి. కానీ ఎదురుగా నిలబడి చూస్తే ఒకటే కదా, కడుపు ఒకటే కదా, అనుకుంటూ పందొమ్మిది కిటికీలు తెరిచిన మొగిలి ఇరవయ్యో కిటికీ ముందు ఆగిపోయాడు. పదమూడేళ్లుగా ప్రతి పొద్దునా అక్కడే ఆగుతున్నాడు, గానుగెద్దు ప్రతి చుట్టులోనూ ఒకేచోట తోక ఊపినట్టు.

ఆ కిటికీ గోడతో సమంగా ఉండదు. నిండు చూలాలి కడుపులా బయటికి ఉబ్బి, మూడు పలకలుగా తిరిగి, పలకకో జత రెక్కలతో ఉంటుంది. ఊరి ఆడవాళ్లు దాన్ని కడుపుకిటికీ అంటారు. కడుపులో ఉన్నది ఒక్క బిడ్డో ముగ్గురు బిడ్డలో తేల్చుకోలేని మంత్రసాని అవస్థ మొగిలిది.

ఈ అవస్థకు కారణం ఒక కాగితం. పోలీసు యాక్షన్ జరిగిన నాలుగో నెలలో తాలూకా కచేరీ నుంచి ఒక గుమాస్తా వచ్చి, మొగిలి కాపలా కాసే ఎర్ర బంగ్లాలో ఏమేం ఉన్నాయో ఉర్దూలో రాసిన జాబితా గడగడా ఒక్కసారి చదివి, మొగిలి చేత వేలిముద్ర వేయించుకున్నాడు. "ఇగ ఇది నీ చార్జి. ఒక్క శీల తక్కువైనా నీదే జిమ్మేదారి. ఎప్పుడో ఒకనాడు వచ్చి లెక్క చూస్తం," అన్నాడు. పోతూ పోతూ, "లోపల నిప్పు రాజేసినవో, నౌకరీ ఊడుతది," అని కూడా అన్నాడు. ఆ తర్వాత హైదరాబాదు రాష్ట్రం పోయింది, ఆంధ్రప్రదేశ్ వచ్చింది, గుమాస్తా ఎక్కడికి బదిలీ అయ్యాడో, ఉన్నాడో లేడో. లెక్క చూడటానికి మాత్రం ఎవరూ రాలేదు. మొగిలి రోజూ లెక్క చూసుకుంటూనే ఉన్నాడు. వచ్చినవాడి ముందు తడబడకూడదు కదా.

యాభై అయిదేళ్ల మనిషి. పొడుగు. మోకాళ్లూ మోచేతులూ ఉండాల్సిన దానికన్నా పెద్దవి. ఖాకీ చొక్కాకు గుండీలు మూడే ఉన్నా, పై గుండీని విధిగా పెట్టుకుంటాడు. బంగ్లా వెనక తన గుడిసె గుమ్మం పొట్టిది కాబట్టి వంగి దూరటం అలవాటై, ఏనుగు పట్టేంత ఎత్తున్న బంగ్లా తలుపుల కింద కూడా వంగే నడుస్తాడు. భార్య తారాబాయి కలరాకు పోయిన తర్వాత ఆ అలవాటు మాన్పించేవాళ్లు కూడా లేరు. ఆవిడ ఉన్నప్పుడు, "గా తలుపు నీ మీద పడదు గానీ, జర నిటారుగ నడువు," అనేది.

ఆ ఇంటి కథ మొగిలికి తండ్రి చెప్పాడు, తండ్రికి తాత చెప్పాడు. ఇంగ్లీషు సీమలో రాణి ఏలుతున్న రోజుల్లో మాకలీను దొర నైజాం సర్కారు టేకు అడవుల మీద పెద్ద అధికారిగా వచ్చాడు. పెట్టెలో బట్టలకన్నా ముందు తీసింది ఒక బొమ్మ. వాళ్లమ్మ ఉన్న ఇంటి బొమ్మ. నాందేడు నుంచి వచ్చిన మేస్త్రీల చేతిలో అది పెట్టి, "ఇదే కావాలి, ఇందులో వేలెడు తేడా రాకూడదు," అన్నాడు. వాళ్లు వేలెడు తేడా రానివ్వలేదు. అదే తప్పయింది.

సీమలో ఎండ కావాలంటే దక్షిణం వైపు తిరగాలట. అందుకని అన్నిటికన్నా పెద్ద కిటికీ, అంటే కడుపుకిటికీ, దక్షిణానికి పెట్టించాడు. ఆ ఊరున్న బోథ్ తాలూకాలో ఎండను వెతుక్కుంటూ పోయినవాడు ఇప్పటిదాకా మాకలీను దొర ఒక్కడే. ఎండాకాలంలో ఆ గదిలో అప్పడాలు పరిస్తే అరగంటలో ఎండేవి. కప్పు గుర్రపు జీనులా నిట్టనిలువుగా కట్టించాడు, మంచు జారిపోవడానికట. మంచు ఎన్నడూ పడలేదు. కోతులు జారేవి. వాగు మట్టితో అక్కడే కాల్చిన ఎర్ర ఇటుక, మూడేసి వరుసలకు ఒక పచ్చ ఇటుక పట్టీ. తలుపుల మీద కమానులు, కమానుల్లో రంగుటద్దాలు. తలుపు తలుపుకూ తెల్ల పింగాణి పిడులు, కోడిగుడ్లలా. మొగిలి తాత ఆ ఇటుకలకు మట్టి తొక్కాడు. తండ్రి దొరకు స్నానానికి నీళ్లు మోశాడు. పదకొండేళ్లుండి, పదకొండేళ్లూ ఆ ఇంటి బయట తాటాకు పందిరి కిందే పడుకుని, దొర సెలవు మీద సీమకు పోయాడు. పోతూ తండ్రితో అన్నది ఒక్కటే మాట: పొద్దుగూకితే కిటికీలు మూయి. దొర తిరిగి రాలేదు. కిటికీలు మూయటం ఆగలేదు.

ఆ ఇంట్లో ఈ నేలకు పనికొచ్చేది ఒక్కటే ఉంది, గోడపొయ్యి.

పెద్ద గది పడమటి గోడలో, మనిషి కూర్చుని దూరేంత కమాను గూడు. పైన నల్లరాతి అరుగు. ఆ గూడులోంచి గోడ కడుపులోనే ఒక గొట్టం పైకి పోయి, కప్పు మీద రెండు నిలువుల ఎత్తున తేలుతుంది. "గంత పెద్ద దొరకు గోడల వండుకునే గతి ఎందుకు పట్టిందో," అని ఊరివాళ్లు జాలిపడేవారు. వంటకు కాదు, చలి కాగటానికి అని మొగిలికి తండ్రి చెప్పాడు. నమ్మటం కష్టం కాదు. పుష్యమాసంలో ఆ ఊళ్లో పొద్దున చెంబులో నీళ్లు పళ్లు జివ్వుమనిపిస్తాయి, ఎడ్లు కూడా గోనెలు కప్పుకుంటాయి. ఎండను వెతుక్కున్న విషయంలో తప్పినా, చలి విషయంలో దొర తప్పలేదు.

చార్జి తీసుకున్న పదో రోజున మొగిలి చలికి తట్టుకోలేకపోయాడు. లోపల నిప్పు వద్దన్న మాట గుర్తుంది. అయినా ఆ పొద్దున ఎవరొస్తారులే అనుకుని, గోడపొయ్యిలో మూడు ఇటుకలు పెట్టి, మంట చేసి, ఒక కోడిని కోసి కుండలో వేశాడు. పసుపు కలిపిన చేత్తో పొంగు దించబోతే ఇటుకల మీద పసుపు నీళ్లు ఒలికాయి. కారం ఎర్రగా చిందింది. కుండ దించి ఊదుకుంటున్నాడో లేదో, గుమ్మంలో బూట్ల చప్పుడు. తహశీల్దారు. వెనక జవాను.

మొగిలి జీవితంలో అబద్ధాలు ఎక్కువ లేవు. అబద్ధం ఆడాలంటే ఎదుట ఎవరైనా ఉండాలి కదా. కాబట్టి తన నోట్లోంచి వచ్చిన మాట విని తనే జడుసుకున్నాడు.

"తల్లి, దొరా. పోశమ్మ తల్లి. ఇయ్యాల నైవేద్యం."

మూడు ఇటుకలు. పసుపు. ఎరుపు. ముందు కోడి. తహశీల్దారు కొడుక్కు ఆ వారమే అమ్మవారు పోసి ఉంది. అతను బూట్లు విప్పి, మోకాళ్ల మీద కూలబడి, చేతులు జోడించాడు. లేచి, కళ్లు తుడుచుకుని, ప్రసాదం అడిగి, కోడికాళ్లు రెండూ తిన్నాడు. కొడుకు కోలుకున్నాడు. జవాను నోరు ఊరికే ఉండేది కాదు. పదిహేను రోజుల్లో డప్పులతో, బోనాలతో ఊరు ఊరంతా బంగ్లాకు వచ్చింది.

అట్లా మొగిలి పూజారి అయ్యాడు. అయ్యాక తెలిసింది, ఆ పొయ్యిని ఇక ఎన్నడూ రాజేయటానికి వీల్లేదని. అమ్మవారు కూర్చున్నచోట చలి ఎలా కాగుతాడు? చుట్టుపక్కల ముప్పై ఊళ్లలో ఆ గూడు దేనికో తెలిసినవాడు తనొక్కడే. తనే పదమూడు పుష్యమాసాలు బయట గుడిసె ముందు గోనె కప్పుకుని, తడి పుల్లలు ఊదుకుంటూ, గోడలో చల్లగా ఉన్న ఆ పొయ్యిని తల్చుకుంటూ వణికాడు.

మంత్రాలు రావు. రాకపోతే ఎట్లా? రోజూ పొద్దున ఆ మూడిటుకల ముందు కూర్చుని, కళ్లు మూసుకుని, పెదవులు మాత్రం ఆడిస్తూ తనకు వచ్చిందేదో అదే చదివేవాడు: "తలుపులు తొమ్మిది, కిటికీలు ఇరవై రెండు, పింగాణి పిడులు పద్దెనిమిది, రంగుటద్దాలు యాభై నాలుగు, మెట్లు పదిహేడు, ఇత్తడి కొక్కేలు నలభై, గోడపొయ్యి ఒకటి." చూసేవాళ్లకు భక్తి పుట్టేది. లెక్క కూడా అయిపోయేది.

ఆ పొద్దున కడుపుకిటికీ ముందు మొగిలి మామూలు కన్నా ఎక్కువసేపు నిలబడటానికి కారణం ఉంది. ఆ పొద్దున ఇంజనీరు వస్తాడు. బంగ్లాను కూలగొట్టి అదే ఆవరణలో స్లాబు వేసిన కొత్త ముసాఫిరు బంగ్లా కడతారట. ముందే కబురు వచ్చింది. అప్పటి నుంచి మొగిలికి అన్నం సయించటం లేదు. ఇల్లు పోతే కిటికీలు పోతాయి. కిటికీలు పోతే పొద్దున లేచి ఏం తెరవాలి, పొద్దుగూకితే ఏం మూయాలి? మధ్యలో తను ఏమిటి? ఈ ప్రశ్న వేసుకున్నప్పుడల్లా లేచి పోయి కిటికీలు మళ్లీ లెక్కపెట్టేవాడు.

కానీ ఒక ఆశ ఉంది. ఆశ పేరు పోశమ్మ. అమ్మవారున్న గోడ మీద ఏ కూలీ గడ్డపార వేస్తాడు?

జీపు వచ్చింది. ఇంజనీరు లింగమూర్తి కరీంనగర్ వాడు, కుర్రతనం ఇంకా వదలని మనిషి, మెడకు మఫ్లరు, చేతిలో చుట్టిన నక్షా. వెనక నడిచి వచ్చారు మేస్త్రి అంజన్న, ఎనిమిది మంది కూలీలు. వాళ్ల వెనక, పిలవకుండానే, సగం ఊరు. ఊరితో పాటు శివసత్తి భూమవ్వ. డెబ్బై ఏళ్లు, వెంట్రుకలు జడలు కట్టి నడుం దాటాయి, నోట్లో పొగాకు. పోశమ్మ పూనేది ఆవిడ మీదనే.

"ఏం మొగిలీ, నీ సామాన్లు బయట పెట్టుకున్నవా?" అన్నాడు ఇంజనీరు.

"నా సామానేం లే సారూ. అంత తల్లిదే."

ఇంజనీరు లోపలికి వచ్చి, గూడు ముందు వంగి చూసి, పకపకా నవ్వాడు. "పొయ్యిల దేవతేందయ్యా! ఇంగ్లీషోళ్లు చలి కాగటానికి కట్టుకున్న పొయ్యి ఇది."

పదమూడేళ్లలో ఆ మాట పైకి అన్న మొదటి మనిషి అతను. మొగిలికి అతన్ని కావలించుకోవాలనిపించింది. అదే క్షణంలో నోరు నొక్కేయాలని కూడా అనిపించింది.

అంజన్న మాత్రం కదల్లేదు. గడ్డపార నేలకు ఆనించి దాని మీద గడ్డం పెట్టుకున్నాడు. "పొయ్యి అయితే అయింది సారూ. అండ్ల తల్లి కూసున్నదా లేదా? నాకిద్దరు పోరగాండ్లున్నరు. ఆమె ఒప్పుకోకుంట నేను గీ ఇంటి మీద చెయ్యి ఎయ్య."

"ఒప్పుకున్నదని ఎట్ల తెలుస్తది?"

"పూలు పెట్టి అడుగుడే. కుడి పువ్వు రాలితె సరే అన్నట్టు. ఎడమ పువ్వు రాలితె వద్దన్నట్టు. మొగిలి అడగాలె. తల్లిని పెట్టినోడు ఆయననే."

ఇంజనీరు గడియారం చూసుకుని, ఏదో ఒకటి కానివ్వండి అన్నట్టు చెయ్యి ఊపాడు.

మొగిలి దీనికోసం రాత్రే సిద్ధపడ్డాడు. నడుం దగ్గర, తాళంచెవి పక్కన, చిన్న ఆకు పొట్లంలో తుమ్మబంక ఉంది. కుడి పువ్వుకు బంక రాస్తే రాలదు, ఎడమది దానంతటదే రాలుతుంది, తల్లి వద్దంటుంది, ఇల్లు నిలబడుతుంది. ఇంత సులువు. నడుమ ఇటుకను నీళ్లతో తడిపి, అటు తిరిగి, కుడి వైపు బంతిపువ్వుకు బంక రాసి గట్టిగా నొక్కాడు. తర్వాత ఎడమ వైపు పువ్వును పైపైన ఆనించాడు. కూర్చుని కళ్లు మూసుకుని మొదలుపెట్టాడు: తలుపులు తొమ్మిది, కిటికీలు ఇరవై రెండు...

మెట్లు పదిహేడు దాకా వచ్చి ఒక కన్ను తెరిచాడు. రెండు పువ్వులూ అట్లాగే ఉన్నాయి.

మళ్లీ మొదటి నుంచి చదివాడు. రాలలేదు. మూడోసారి మధ్యలో కుడిచేతి వేళ్లు ఒకదానికొకటి అతుక్కుని ఉన్నాయని గమనించాడు. ఆ చేత్తోనే ఎడమ పువ్వు కూడా పెట్టాడు. చెమట పట్టింది. పుష్యమాసంలో.

"ఏమైంది?" అన్నాడు ఇంజనీరు.

"సోంచాయిస్తున్నది సారూ, ఏం జెప్పాల్నో అని," అన్నాడు అంజన్న, గొంతు తగ్గించి.

అరగంట గడిచింది. జనం ఊపిరి బిగబట్టారు. అంతకన్నా స్థిరంగా రెండు పువ్వులు నిలిచిన అమ్మవారి గద్దె ఆ తాలూకాలో ఎవరూ చూడలేదు. అప్పుడు వెనక నుంచి పొగాకు ఉమ్మిన చప్పుడు, వెంటనే కీచుమని ఒక కేక. భూమవ్వ జడలు విరబోసుకుని మందిని తోసుకుంటూ వచ్చి గూడు ముందు ఊగసాగింది.

"ఓరి మొగిలీ!"

"తల్లీ," అన్నాడు మొగిలి. లోపల మాత్రం, వద్దను తల్లీ, వద్దను, అనుకున్నాడు. లేదని తనకు తెలిసిన ఆమెను వేడుకోవటం అదే మొదటిసారి.

"పదమూడేండ్ల సంది పొద్దుగూకంగనే నాకు తాళం ఏస్తున్నవ్ గదరా! నేను దొంగనా? గంప కింద మూసేటందుకు కోడినా? ఎండ లే, వాన లే, యాపచెట్టు గాలి లే! ఏ ఊర్లనన్న పోశమ్మకు గిన్ని తలుపులున్నయారా? గిన్ని కిటికీలు తెరుస్తవ్, ఒక్కదాంట్లకెళ్లన్న నాకు పైన మొగులు కనబడ్డదారా?"

"లే తల్లీ," అన్నారు జనం, నిజమే కదా అన్నట్టు.

"తియ్యిండ్రి! నెత్తి మీది కప్పు తియ్యిండ్రి! గోడలు తియ్యిండ్రి! నా గూడు, నా గొట్టం జోలికి మాత్రం రావొద్దు!"

"అట్లనే తల్లీ, అట్లనే!" అని అందరికన్నా ముందు దండం పెట్టింది ఇంజనీరు. తర్వాత సిగ్గుపడి మఫ్లరు సర్దుకున్నాడు గానీ, దండం అప్పటికే పెట్టేశాడు.

భూమవ్వ మొగిలి వైపు తిరిగింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. గొంతు తగ్గింది. "పొయ్యి మీద కూసుండబెట్టినవ్. ఒక్కనాడన్న నీ చేత్తోని ముద్ద వండి పెట్టినవారా? ఊకె నోరాడిస్తవ్. కిటికీలు లెక్కబెడ్తవ్!"

మొగిలి నేల మీద కూర్చుండిపోయాడు. వాడి తలపైన అప్పుడే ఎవరో నిచ్చెన వేశారు. మొదటి పెంకు కిందికి దిగింది.

మధ్యాహ్నానికి కప్పు మీద బొక్క పడి, పెద్ద గదిలో నేల మీద ఎండ పరుచుకుంది. మాకలీను దొర ఎంత వెతికినా ఇంత ఎండ దొరికి ఉండదు. మొగిలి పెంకుల కుప్ప పక్కన కూర్చున్నాడు. భూమవ్వ పూనకం దిగి, ఆ కుప్పకే వీపు ఆనించి పొగాకు నలుపుకుంటోంది.

"అవ్వా, నీకెట్ల ఎరుక?"

"ఏంది?"

"పొయ్యి సంగతి. కిటికీల సంగతి."

"నేనేమన్ననో నాకేం ఎరుక బిడ్డా. అన్నది తల్లి." పొగాకు దవడలో పెట్టుకుని, పైకి, గొట్టం వైపు చూసింది. "అయినా నువ్వు గా దినం కోడి వండినవ్ సూడు..."

"వండలే. నైవేద్యం పెట్టిన."

"ఓరి నీ! గా గొట్టంలకెళ్లి పొగ లేస్తే ఊరంత సూసిందిర. ఏండ్ల సంది సల్లగున్న గొట్టమాయె. దొర మల్ల వచ్చిండని కొందరు ఇండ్లల్ల దాక్కున్నరు. నేను వాసన పట్టిన. దొర కాదు, కోడి అని."

మొగిలి నోరు తెరిచాడు. పదమూడేళ్లుగా ఆ రోజును తల్చుకుని తల్చుకుని అరగదీశాడు గానీ, పొగ ఎటు పోయిందని ఒక్కసారి కూడా అనుకోలేదు. గోడలోకి పోయిన పొగ గోడలోనే ఉంటుందనుకున్నాడు, తన మనసులోకి పోయిన మాట మనసులోనే ఉన్నట్టు.

"ఎరుకైనంక మరి ఎందుకు మొక్కిన్రు?"

"నా మనుమనికి గా యేడే అమ్మవారు పోసింది. ఊరి గద్దె వాగు అవుతల. భుజం మీద పిలగాడు కాలిపోతుండు. నువ్వేమో ఈడ తల్లి ఉన్నదంటివి. నిజమా అబద్ధమా అని అడిగే తీరిక యాడిది? మొక్కిన. బతికిండు. గిప్పుడు మంచిర్యాలల లారీ నడుపుతుండు." ఉమ్మి, నోరు తుడుచుకుంది. "మూడు రాళ్లు, ఇంత పసుపు సూపెడితె ఆమె వచ్చి కూసుంటది బిడ్డా. పెట్టినోడు నిజం మనిషా కాదా అని సూసి కూసుండాల్నంటే, గీ తాలూకాల ఒక్క గద్దె ఉండకపోవు."

మొగిలి కాళ్ల దగ్గర పడ్డ పెంకు ముక్కను తీసి కుప్ప మీద పెట్టాడు. తర్వాత, "కిటికీల మంత్రం?" అన్నాడు.

"నోరు సూస్తె తెల్వదార. నా కోడలు దాంతోనే పిల్లకు దిష్టి తీస్తది. తలుపులు తొమ్మిది, కిటికీలు ఇరవై రెండు, థూ థూ. మంచిగ పనిచేస్తది."

సాయంత్రం ఇంజనీరు జీపు ఎక్కుతుంటే మొగిలి అడ్డంగా నిలబడ్డాడు. పై గుండీ పెట్టుకుని ఉన్నాడు.

"సారూ, చార్జి తీసుకోండ్రి. కూలిపోకముందే ఒక్కసారి లెక్క సూడుండ్రి. ఒక్క శీల తక్కువ లే."

"ఏం చార్జి మొగిలీ? కూలగొట్టే ఇంటికి లెక్కేంది?" ఇంజనీరు నవ్వాడు, చెడ్డ నవ్వు కాదు. "కొత్త బంగ్లా లేస్తది, నీ నౌకరీ యాడికి పోదు. అండ్ల కిటికీలు ఆరే. నీకే ఆరాం."

"తాళంచెవి..."

"నీకాడనే పెట్టుకో."

ఇల్లు కూలటానికి ఇరవై ఆరు రోజులు పట్టింది. మొగిలి రోజూ పొద్దున లేచి ఉన్న కిటికీలు తెరిచాడు, పొద్దుగూకాక మిగిలిన కిటికీలు మూశాడు. కప్పులేని గదులకు కిటికీలు మూస్తున్న మనిషిని చూసి కూలీలు మొదట్లో నవ్వారు. తర్వాత మానేశారు. పదకొండో రోజున కడుపుకిటికీ వంతు వచ్చింది. అంజన్న మనుషులు ఇటుకలు ఒలిచి, చెక్కను బయటికి లాగి, ఎండలో వరుసగా పరిచారు. మూడు చట్రాలు. విడివిడిగా మూడు. మొగిలి వాటి చుట్టూ రెండుసార్లు తిరిగాడు. ఇరవై రెండే. కాగితం తప్పు కాదు, తను తప్పు కాదు. ఎవరికైనా చెబుదామని అటూ ఇటూ చూశాడు. అందరూ గోడ మీద ఉన్నారు.

పెంకులు బడికి పోయాయి. పింగాణి పిడులతో పిల్లలు గోళీలు ఆడుకున్నారు. ఇటుకలు కొత్త బంగ్లా పునాదిలో దిగాయి. మాఘమాసం చివర్లో చూస్తే ఖాళీ నేల మీద ఒక కమాను గూడు, దాని నల్లరాతి అరుగు, దాని పైన ఆకాశంలోకి లేచిన ఎర్ర గొట్టం మాత్రం మిగిలాయి. గొట్టం మీద ఒక కాకి. ఇల్లు ఎంత చిన్న జాగాలో ఉండిందో చూసి ఊరివాళ్లు ఆశ్చర్యపోయారు. మొగిలి ఆశ్చర్యపోలేదు. ఎప్పుడూ వంగి నడిచినవాడికి అది అంత పెద్దదిగా ఎన్నడూ అనిపించలేదు.

ఆ సాయంత్రం చలి ఆఖరుసారి విరుచుకుపడింది. మొగిలి గుడిసె ముందు గోనె కప్పుకుని కూర్చున్నాడు. తడి పుల్లలు పొగలు కక్కుతున్నాయి. చాలాసేపు వాటిని చూశాడు. లేచాడు. బియ్యం తీశాడు. గంప ఎత్తి కోడిని పట్టాడు.

గూడు ముందు గొంతుక్కూర్చుని, పసుపు పూసి పూసి గుండ్రంగా అయిపోయిన మూడిటుకలను చూశాడు. వాటిని కడగలేదు, జరపలేదు. అవి పొయ్యిగా పెట్టినప్పుడు ఎంత ఎడంగా ఉన్నాయో అంతే ఎడంగా ఉన్నాయి. కుండ సరిగ్గా కూర్చుంది. పెదవులు అలవాటుకొద్దీ తలుపులు తొమ్మిది అనబోయి ఆగాయి.

"జర జరుగు తల్లీ," అన్నాడు. అగ్గిపుల్ల గీశాడు.

మంట ఒక్క క్షణం తటపటాయించి, గొట్టం పీల్చుకుంటే చటుక్కున లేచింది. పొగ ఒక్క పోగు కూడా ముందుకు రాలేదు. దొర మేస్త్రీలు వేలెడు తేడా రానివ్వలేదు. పొగ ఇల్లు లేని గొట్టంలోంచి నిటారుగా ఊరందరికీ కనబడేలా పైకి పోయింది. ఊళ్లోంచి ఎవరూ పరుగెత్తుకు రాలేదు. మొగిలి అరచేతులు చాచి వెచ్చబరుచుకున్నాడు. అన్నం ఉడికింది, కూర ఉడికింది. మొదటి ముద్ద, మీద కోడికాళ్లు రెండూ పెట్టి, ఆకులో ఇటుకల ముందు ఉంచాడు. మిగిలింది తను తిన్నాడు.

నిప్పు ఆరాక లేచి, మొలలోంచి తాళంచెవి తీశాడు. జానెడు పొడుగు, మొగిలి కన్నా ముసలిది. తలుపు ఉన్నచోటికి నడిచాడు. రాతి గడప మాత్రం ఉంది. గడప మీద కొంతసేపు నిలబడి, వెనక్కి వచ్చి, తాళంచెవిని నల్లరాతి అరుగు మీద పెట్టి, గుడిసె వైపు నడిచాడు. నిటారుగా నడవటం వల్ల గుమ్మం తలకు తగిలింది.

వారం తిరక్కముందే ఆ తాళంచెవికి ఎవరో పసుపు రాసి బొట్టు పెట్టారు.